పెట్టిన చెయ్యే తియ్యాలి

మా మామయ్య షెడ్డు గేటుకి గొళ్ళెం లేదు. గేటు గాలికి కొట్టుకోకుండా ఒక రాయి అడ్డం పెడతాడు. చిన్న పుచ్చకాయంత నల్లరాయి. దానికి ఒకవైపు అరచేతి మేర టైరు రబ్బరు అంటుకుని ఉంటుంది. పదిహేనేళ్ళయినా పోలేదు. మామయ్య పోనివ్వడు కూడా. షెడ్డు కడిగేటప్పుడు పొరపాటున ఆ రాయి మీద చీపురు పడిందా, ఆ పూట ఇంటిల్లిపాదికీ తిట్లే టిఫిను.

ఆ రాయే మా పెద్దమామయ్యను చంపింది.

ఎవడో లారీవాడు. దారిలో బండి చెడిపోయింది. దొర్లిపోకుండా వెనక చక్రానికి రాయి పెట్టుకున్నాడు. అంతవరకు తప్పులేదు, పెట్టాల్సిందే. బండి బాగయింది. ఎక్కాడు, గేరు వేశాడు, పోయాడు. రాయి రోడ్డు మీదే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం వాన పడింది. రాయి చుట్టూ నీళ్ళు నిలిచాయి. డ్యూటీ దిగి స్కూటర్ మీద ఇంటికొస్తున్న పెద్దమామయ్యకు అక్కడ గుంట కనిపించింది గానీ, గుంటలో రాయి కనిపించలేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ స్కూటర్ ముందు నిలబడి హారన్ కొట్టే హక్కు నాదే ఉండేది.

ఆ లారీవాడు ఎవడో మాకు తెలియదు. అంతకంటే మంట పుట్టించే సంగతి, వాడికీ తెలియదు. ఒక మనిషిని చంపానని తెలియకుండానే తిన్నాడు, పడుకున్నాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఇప్పటికీ ఎక్కడో చల్లగా బతికే ఉంటాడు. చంపినవాడికి నిద్ర పట్టడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. చంపిన సంగతి తెలియకుండా ఉంటే చాలు.

పెద్దమామయ్య పోయేనాటికి మా మామయ్య ఒక కంపెనీలో ఎవరి కారో నడిపేవాడు. ఆ పని మానేసి క్రేను పట్టాడు. దారిలో చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే క్రేను. దాంతోపాటు ఇంకో పని కూడా పెట్టుకున్నాడు, అడిగినవాళ్ళెవరూ లేరు. రోడ్డు మీద వదిలేసిన రాయి కనిపిస్తే చాలు, క్రేను పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, దిగి, ఆ రాయిని ఎత్తి కాలవ అవతల పడేసి గానీ ముందుకు కదలడు. అవతల బండి చెడిపోయినవాడు ఎండలో నిలబడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటాడు. మామయ్య ఎత్తడు. చేతుల్లో రాయి ఉంటుంది మరి. దారి పొడుగునా టీకొట్ల వాళ్ళు, పంచర్లవాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. 'రాళ్ళాయన' అంటారు. కొందరు ప్రేమగా, చాలామంది వెక్కిరింతగా. అది విన్నప్పుడల్లా మామయ్య ఒక్కటే అంటాడు: "పెట్టిన చెయ్యే తియ్యాలిరా. పెట్టిన చెయ్యి తియ్యకపోతే ఇంకో చెయ్యి తియ్యాలి. లేకపోతే శవాన్ని తియ్యాలి."

రెండో ఏడాదిలో కాలేజీ వదిలేసి నేను రెండో క్రేను ఎక్కాను. నాలుగేళ్ళుగా ఈ రోడ్ల మీద మనుషుల్ని చూస్తున్నాను. చూసిన కొద్దీ నాకూ మామయ్య జబ్బే అంటుకుంది. ఎందుకంటుకోదు? కారు కొన్న రోజు పెట్టిన స్టెప్నీ టైరు, ఆరేళ్ళ తరవాత పంచరు పడ్డ రోజే బయటికి వస్తుంది. అందులో ఉఫ్‌మని ఊదేంత గాలి కూడా ఉండదు. రేడియేటర్ మరిగి పొగలు కక్కుతుంటే, ఆ వేడి మూతను చేత్తో తిప్పి మొహం కాల్చుకున్నవాణ్ణి నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అరగంట ఆగితే దానంతటదే చల్లారేది. ఆ అరగంట ఓపిక లేక నెల రోజులు మంచం మీద పడుకున్నాడు. ఇంకొకడు కారు ఆగిపోతే రోడ్డు మధ్యలోనే, సరిగ్గా కారు వెనకాలే నిలబడి, పెళ్ళాం పిల్లల్ని కూడా నిలబెట్టుకుని, నాతో ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. "కారు ముందుకో వెనకకో కాదు, రోడ్డు దిగి అవతలికి పొండి" అని అరిస్తే, "కొంచెం మర్యాదగా మాట్లాడు బాబూ" అన్నాడు. మర్యాదంట! వెనక నుంచి వచ్చే లారీకి మర్యాద తెలుస్తుందా?

సరే, అత్తయ్య సంగతికి వస్తాను. ఈ కథ ఆవిడది కూడా.

అత్తయ్య బైపాస్ మీద పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు, కుక్కర్ల లాంటి పెద్ద పెద్ద మిషన్లు. ఈ వచ్చే సోమవారం నుంచి ఆవిడను పొద్దుటి షిఫ్టుకు సూపర్‌వైజరుగా వేశారు. ఆరింటికల్లా అక్కడ ఉండాలి, ఆవిడ తాళం తీస్తేనే మిగతా పద్నాలుగు మంది లోపలికి వెళ్తారు. మా వైపు నుంచి మొదటి బస్సు ఏడింటికి. సోమవారం ఆరింటికి ఆవిడ చేరలేకపోతే ఆ తాళాల గుత్తి పక్కావిడ చేతికి పోతుంది. పక్కావిడ అప్పుడే చెయ్యి చాపి కూర్చుంది కూడా.

షెడ్డులో పాత చిన్న కారు ఒకటుంది. మామయ్యే బాగుచేశాడు. అత్తయ్య మూడు నెలల్లో నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. కానీ తాళంచెవి మాత్రం మామయ్య చొక్కా జేబులో ఉంది.

"లైసెన్సు ఇచ్చినవాళ్ళు నువ్వు ఎనిమిది అంకె వేశావని ఇచ్చారు. రోడ్డు మీద ఎవరూ ఎనిమిదులు వెయ్యరు. దారిలో బండి ఆగిపోతే ఏం చేస్తావో నాకు చేసి చూపించు, అప్పుడిస్తా" అన్నాడు.

"పెళ్ళప్పుడు మా నాన్న కూడా మీకు ఇన్ని పరీక్షలు పెట్టలేదండీ" అంది అత్తయ్య.

"పెట్టాల్సింది. ఇద్దరం బాగుపడేవాళ్ళం."

అప్పటికే రెండుసార్లు ఫెయిల్ చేశాడు. మొదటిసారి ఆవిడ బయల్దేరే ముందు స్టెప్నీలో గాలి చూసుకోలేదు. మామయ్యే కావాలని దాంట్లో గాలి తీసేసి, ఆవిడ చూస్తుందా లేదా అని ఇంట్లో కూర్చుని పేపరు చదివాడు. రెండోసారి అన్నీ సరిగ్గా చేసి, చివర్లో ఎదురింటావిడ పలకరిస్తే కారు వెనకాల నిలబడి రెండు నిమిషాలు మాట్లాడింది. "అయిపోయావు. ఈపాటికి నీ ఫోటోకి దండ వేసేవాణ్ణి" అన్నాడు. అత్తయ్య ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యలేదు. మామయ్య మాట్లాడకుండా తిన్నాడు.

ఆదివారం పదింటికి మూడోసారి. రేపే సోమవారం. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నారు, సాక్షిగా.

గోడౌన్ల రోడ్డు మీద అత్తయ్య నడుపుతోంది. ఎక్కువ రద్దీ ఉండదు గానీ అప్పుడో ట్యాంకరు, ఇప్పుడో లారీ పోతూనే ఉంటుంది. కొంచెం ఎత్తెక్కే చోట మామయ్య, "ముందు ఎడమ చక్రం పంచరు అనుకో" అన్నాడు.

అత్తయ్య ఉలిక్కిపడలేదు. బ్రేకు తొక్కలేదు. అద్దంలో చూసింది, నాలుగు ఇండికేటర్లూ వేసింది, మెల్లగా వేగం తగ్గించి, మట్టి మెత్తగా లేని చోటు చూసుకుని బాగా అంచుకి తీసి ఆపింది. అంచులో చోటు తక్కువ. అవతలివైపు చక్రాలు తారు మీదే ఉన్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగి మొదటి గేరులో ఉంచింది. అందరం రోడ్డు వైపు కాకుండా ఇటువైపు తలుపుల్లోంచే దిగాం. డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీసి, వచ్చే బండ్లకు ఎదురుగా అంచు వెంట డెబ్బై అడుగులు లెక్కపెట్టి నడిచి పెట్టింది. నేను లోలోపలే ఈలవేశాను. తిరిగొచ్చి డిక్కీలో ఉంచుకున్న రెండు రాళ్ళు తీసి, వెనక ఎడమ చక్రం కింద ఇరికించింది.

అక్కడ పట్టుకున్నాడు మామయ్య.

"రెండూ ఒకే చక్రానికా? అవతలి చక్రాన్ని మీ పుట్టింటివాళ్ళు వచ్చి పట్టుకుంటారా? బండి ఎత్తు మీద ఉంది, కిందికి జారుతుంది, కనిపించడం లేదూ?"

"కనిపిస్తోంది. మీరు పక్కకు జరిగితే ఇంకా బాగా కనిపిస్తుంది."

ఆయన ఆగలేదు. ఒక రాయి లాక్కుని, అటు తిరిగి వెళ్ళి, రోడ్డు వైపు వెనక చక్రం కింద తనే పెట్టాడు. కాలితో తన్ని మరీ బిగించాడు. "ఇలా పెట్టాలి. చూశావా, ఇలా."

ఆవిడ ఇక తల ఎత్తలేదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసింది. తరవాతే జాకీ ఎక్కించింది. చక్రం తీస్తోంది. ఇంతలో ఒక తెల్లకారు వచ్చి మా పక్కనే, రోడ్డు నడిమధ్యలో ఆగింది. ఇండికేటరూ లేదు, పాడూ లేదు. అద్దం కిందికి దిగింది. లోపల బట్టతలాయన.

"ఏం మనిషివయ్యా నువ్వు? ఆడమనిషి చేత టైరు మార్పిస్తూ చేతులు కట్టుకుని నిలబడ్డావు. సిగ్గనిపించడం లేదూ?"

మామయ్యకు కోపం నషాళానికి అంటింది. "నా సిగ్గు సంగతి తరవాత. నువ్వు బండి ఎక్కడ ఆపావో చూసుకున్నావా? ఇది రోడ్డా, మీ ఇంటి వరండానా?"

"మంచి చెబితే..."

"మంచి నీ టైరుకి చెప్పు. ముందు టైరు చూసుకో, నీ తలకంటే నున్నగా ఉంది. రేపు వానలో బ్రేకేస్తే నువ్వొక చోట, నీ బండి ఒక చోట ఉంటారు."

ఆయన కారు దిగాడు. మామయ్య ముందుకు వెళ్ళాడు. ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు వేళ్ళు ఆడించుకుంటూ ఐదు నిమిషాలు అరుచుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ రెండు మాటలు వేశాను. వెనక ఒక ట్రాక్టరు వచ్చి హారన్ మోగిస్తే గానీ బట్టతలాయన కదల్లేదు. పోతూ పోతూ, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నాడు. "ఊరు కాదు, ముందు టైరు మంచిదవ్వాలి" అని మామయ్య వెనకనుంచి కేకేశాడు.

మేము ఇటు తిరిగేసరికి పని అయిపోయింది. స్టెప్నీ ఎక్కింది. జాకీ దిగింది. అత్తయ్య త్రికోణం తీసుకుని అంచు వెంట నడిచివస్తోంది. డిక్కీ మూసింది. చేతులు గుడ్డతో తుడుచుకుంది.

"కిందికి దించాక నట్లు మళ్ళీ బిగించావా?" మామయ్య గొంతులో ఇంకా బట్టతలాయనే ఉన్నాడు.

"బిగించాను. ఒకదానికి ఎదురుగా ఒకటి."

"నేను చూడలేదు."

"మీరు అక్కడ యుద్ధంలో ఉన్నారుగా."

"నేను చూడనిది లెక్కలోకి రాదు. ఫెయిల్. తాళం ఇలా ఇవ్వు."

అత్తయ్య ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తాళంచెవి చేతిలో పెట్టలేదు. బానెట్ మీద పెట్టి, వచ్చి వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది అన్యాయం మామయ్యా" అన్నాను. "నోరు మూసుకో" అన్నాడు. ఇంజను అరిచేలా తొక్కి బండి ముందుకు ఉరికించాడు. ఎత్తు మీద మలుపు దగ్గర వెనక్కి తిప్పుకుని, మేము ఆగిన చోటు పక్కనుంచే ఇంటికొచ్చాడు. ఆ చోటు దాటేటప్పుడు కూడా అద్దంలోంచి అత్తయ్యను తిడుతూనే ఉన్నాడు. అత్తయ్య కిటికీలోంచి తన వైపు గోడౌన్ల గోడ చూస్తూ కూర్చుంది. నేను మామయ్య వీపును చూస్తూ పళ్ళు కొరుకుతున్నాను. ముగ్గురం దాటిపోయాం.

ఇంటికొచ్చాం. మామయ్య గేటు దగ్గర నిలబడి చెంబెడు నీళ్ళు తాగుతున్నాడు. అత్తయ్య డిక్కీ తెరిచి సామాను సర్దుతోంది. జాకీ. పానా. త్రికోణం. పంచరు అనుకున్న టైరు. ఒక రాయి.

"ఏవండీ" అంది.

"ఏంటి?"

"రెండో రాయేది?"

మామయ్య చేతిలో చెంబు అక్కడే ఆగింది. నీళ్ళు గడ్డం మీదుగా చొక్కాలోకి కారాయి. తుడుచుకోలేదు. ఆయన కాలి పక్కనే గేటుకి ఆనుకుని ఆ నల్లరాయి ఉంది. దానివైపు చూడలేదు.

"నా చేతికి అందినది నేను తీశాను" అంది అత్తయ్య. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "అటువైపుది మీరు పెట్టారు కదా, మీరు తీస్తారనుకున్నాను."

మామయ్య జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. ఇంకో చేతిలో చెంబుతోనే కారెక్కబోయాడు. అత్తయ్య ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ఇవ్వండి. ఇలా ఉన్నప్పుడు మీరు నడపొద్దు."

ఇచ్చాడు.

మేము ఆ ఎత్తు దగ్గర్నుంచి బయల్దేరి అప్పటికి ఇరవై నిమిషాలు. దారిలో మామయ్య డాష్‌బోర్డు మీద గుద్దుతూనే ఉన్నాడు. "తొందరగా పో. తొక్కు. ఎద్దుబండిలా ఏంటి ఇది?"

"అరవై దాటను. రాయి కోసం వెళ్తూ నేనింకొకర్ని గుద్దాలా?"

"వెధవ... బుద్ధి లేని వెధవ, వాడి చేతులు పడిపోను..." అని మొదలుపెట్టాడు మామయ్య. లారీవాణ్ణి తిట్టే తిట్లు అవి. పదిహేనేళ్ళుగా నాకు కంఠతా వచ్చు. తరవాతి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తిట్టు ఇప్పుడు ఎవరికి తగులుతుందో ఆయనకు తెలిసింది. కిటికీ వైపు తిరిగాడు.

ఎత్తు ఎక్కుతుండగా కనిపించింది. తారు మీద, నల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. పక్కన ఎవరూ పడి లేరు. రోడ్డు మీద అద్దం ముక్కలు లేవు.

అత్తయ్య అంచుకి తీసి, రాయికి చాలా ముందే ఆపుతోంది. కారు పూర్తిగా ఆగకముందే మామయ్య తలుపు తోసి దిగేశాడు. కారు ముందునుంచి తిరిగి రోడ్డు మీదకి పరిగెత్తబోయాడు. వెనక ఏం వస్తోందో చూడలేదు. మనుషులకు నేర్పిందంతా, నా చెవులు చిల్లులు పడేలా చెప్పిందంతా ఆ ఒక్క క్షణంలో మరిచిపోయాడు.

"ఆగండి!"

అత్తయ్య గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మామయ్య బానెట్ మీద చెయ్యి వేసి ఆగాడు. మరుక్షణం నీళ్ళ ట్యాంకరు మమ్మల్ని రాసుకుంటూ పోయింది. దాని చక్రం రాయి అంచును నొక్కింది. రాయి టప్‌మని ఎగిరి రెండు గజాలు దొర్లి రోడ్డు నడిమధ్యలో పడింది. కారంతా ఊగింది. మామయ్య చొక్కా గాలికి లేచి మొహానికి కొట్టుకుంది.

అత్తయ్య హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇండికేటర్లు అప్పటికే కొట్టుకుంటున్నాయి. "నువ్వు త్రికోణం తీసుకెళ్ళు, డెబ్బై అడుగులు, అంచు వెంటే" అంది నాతో. తనూ వెనకనుంచి ఏమీ రావడం లేదని చూసుకుని, ఇటువైపు నుంచి దిగింది. మామయ్య చొక్కా పట్టుకుని అంచుకి లాగింది. ఎత్తు మీంచి ఒక స్కూటర్ దిగుతోంది. చెయ్యి పైకెత్తి ఆపింది. భార్యాభర్తలు, మధ్యలో పాప. ఆగారు. పాప రాయి వైపు వేలు చూపించి ఏదో అడిగింది.

అత్తయ్య అటు చూసింది, ఇటు చూసింది. మామయ్య చొక్కా వదిలింది.

"ఇప్పుడు వెళ్ళండి. పెట్టింది మీరేగా."

మామయ్య వెళ్ళాడు. వంగి ఎత్తుకున్నాడు. మామూలుగా కాలవ అవతలికి విసిరేస్తాడు, దూరంగా, పగబట్టినట్టు. దీన్ని విసరలేదు. కడుపుకి ఆనించుకుని తీసుకొచ్చి, వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. స్కూటర్ మీదాయన దాటుతూ, "ఎవరో వెధవలు, రోడ్డు మీద వదిలేసి పోతారండీ" అన్నాడు. మామయ్య అవునన్నట్టు తలూపాడు.

ఆ నలభై, యాభై నిమిషాల్లో ఆ దారిన ఎవరెవరు పోయారో మాకు తెలియదు. ఎవరైనా తగిలి, పడి, లేచి, కుంటుకుంటూ వెళ్ళిపోయారేమో తెలియదు. ఆ రోజంతా నేను ఆసుపత్రులకు ఫోన్లు చేద్దామా అనుకుని, ఏమని అడగాలో తోచక మానేశాను. మామయ్య సాయంత్రం నడుచుకుంటూ గోడౌన్ల రోడ్డుకు వెళ్ళి, అక్కడ కాపలావాళ్ళందరినీ అడిగొచ్చాడు. ఏమీ కాలేదన్నారు. ఏమీ కాకపోవడం మా గొప్పతనం కాదు.

సోమవారం ఐదుంబావుకి తాళంచెవి మామయ్య జేబులో లేదు, గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. అత్తయ్య తీసుకుంది. నాలుగు చక్రాలకూ మీటరు పెట్టి గాలి చూసింది. స్టెప్నీకి కూడా చూసింది. చక్రాల నట్లు ఒక్కొక్కటీ పానాతో పట్టి చూసింది. బానెట్ ఎత్తి నూనె, నీళ్ళు చూసింది. మామయ్య గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు ఓర్చుకున్నాడు.

"స్టెప్నీ చూశావా?"

"చూశాను."

"నేను చూడ..." అని, నోరు మూసుకున్నాడు.

అత్తయ్య కారు ఎక్కి అద్దం సరిచేసుకుంది. "గేటు తీస్తారా, అది కూడా పరీక్షేనా?" అంది. మామయ్య వంగి రాయి పక్కకు జరిపి గేటు తీశాడు. ఆరవడానికి ఎనిమిది నిమిషాలుండగా ఆవిడ ఫోను చేసింది, తాళం తీశానని. "నడుపుతూ ఫోను చెయ్యలేదు కదా?" అని అరిచాడు ఈయన. అవతల పెట్టేసింది.

ఇప్పుడు గేటు దగ్గర రెండు రాళ్ళున్నాయి. షెడ్డుకి వచ్చినవాళ్ళు కాలికి తగిలించుకుని, ఇవేంటని అడుగుతుంటారు. పాతదాన్ని చూపించి, "ఎవడో వదిలేసింది" అంటాడు మామయ్య.

"మరి ఆ రెండోది?"

"అది నాది" అంటాడు. కోపంగానే అంటాడు.